‘ఐ గాట్ షాక్’ ఒక్కటే నోటికొస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: హనుమకొండలో బీకామ్ చివరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారవుతున్నాను. మంచి వార్తయినా చెడ్డ వార్తయినా నా నోటికొచ్చేది ‘ఐ గాట్ షాక్’ ఒక్కటే. అది మానుకుందామని ఆశ్చర్యం మీద ఉన్న ఇడియమ్స్ నలభై రాసుకుని బట్టీ పట్టాను. మొన్న మాక్ ఇంటర్వ్యూలో ‘యూ కుడ్ హ్యావ్ నాక్డ్ మి డౌన్ విత్ ఎ ఫెదర్’ అన్నాను. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ నవ్వారు, ఎందుకో చెప్పలేదు. ఇడియమ్ తప్పా, వాడిన చోటు తప్పా? నలభైలో ఏవి ఉంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇడియమ్ తప్పు కాదు. మీరు చెప్పిన వాక్యంలో వ్యాకరణమూ సరిగ్గానే ఉంది. ‘ఎంత నివ్వెరపోయానంటే, పక్షి ఈకతో తోసినా పడిపోయేదాన్ని’ అని దాని అర్థం. కాకపోతే అది పాతకాలపు మాట. ఇప్పుడు ఎక్కువగా పెద్ద వయసు వాళ్లు, అదీ తీరిగ్గా ముచ్చట చెప్పేటప్పుడు వాడతారు. మన దగ్గర ఇరవై ఏళ్ల అమ్మాయి ఇంటర్వ్యూలో కూర్చుని ‘ఔరా! ఏమి ఈ వింత!’ అంటే వినేవాళ్లకు నవ్వు రాదూ? అందులో తెలుగు తప్పేం లేదు, ఆ చోటికి ఆ మాట అతకలేదంతే. మీకు జరిగింది కూడా అదే అయి ఉంటుంది. చిన్నబుచ్చుకోకండి.

నలభై అక్కర్లేదు. పది చాలు. కానీ ఆ పదింటిలో ప్రతి ఒక్కదాని గురించి మూడు సంగతులు తెలిసి ఉండాలి: మంచి వార్తకు వాడతారా, చెడ్డదానికా, ఎవరి ముందు అనొచ్చు, వాక్యంలో ఎక్కడ కూర్చుంటుంది. జాబితాల్లో అర్థం మాత్రమే ఉంటుంది, ఈ మూడూ ఉండవు. అందుకే బట్టీ పట్టినవాళ్లు అర్థం తెలిసి కూడా దెబ్బతింటారు.

ఇడియమ్స్ కన్నా ముందు మీ ‘షాక్’ సంగతి చూద్దాం. తెలుగులో మనం దేనికైనా ‘షాకైన’ అంటాం. ఫస్ట్ క్లాస్ వచ్చినా షాకే, పక్కింట్లో దొంగలు పడినా షాకే. ఇంగ్లిష్‌లో ‘షాక్డ్’ మాటకు చెడు వాసన ఎక్కువ. చావు, ప్రమాదం, మోసం, ఊహించని అన్యాయం లాంటి వాటికి అది సరిపోతుంది. ‘ఐ వాజ్ షాక్డ్ టు హియర్ అబౌట్ ద యాక్సిడెంట్’ బాగుంది. ‘ఐ వాజ్ షాక్డ్ బై మై గుడ్ మార్క్స్’ అంటే వినేవాడు తికమకపడతాడు. మంచి వార్తకు ‘ఐ వాజ్ ప్లెజెంట్లీ సర్‌ప్రైజ్డ్’ అనండి. ఇక ‘ఐ గాట్ షాక్’ అనడంలో ఇంకో లోపం ఉంది, మధ్యలో ‘ఎ’ పోయింది. అది చేర్చి ‘ఐ గాట్ ఎ షాక్’ అన్నా, వినేవాడికి తట్టేది కరెంటు షాకో చేదు వార్తో.

తెలుగు మీడియం నుంచి వచ్చిన చాలామందిని పట్టుకునే ఇంకో పొరపాటు ‘వండర్’. బడిలో ‘వండర్ అంటే ఆశ్చర్యం’ అని నేర్పారు. దాంతో ‘ఆశ్చర్యపోయాను’ అనడానికి ‘ఐ వండర్డ్’ అనేస్తారు. కానీ ఇప్పటి వాడుకలో ‘ఐ వండర్డ్’ అంటే ఎక్కువగా ‘ఏమై ఉంటుందా అని ఆలోచించాను’ అని. ‘ఐ వండర్డ్ వై షి వాజ్ లేట్’ అంటే ఆమె ఎందుకు ఆలస్యం చేసిందో తెలుసుకోవాలనిపించింది అని, అంతే. ‘నో వండర్’ మాత్రం తెలుసుకుని పెట్టుకోండి, పనికొస్తుంది. కారణం తెలిశాక ‘ఓ, అందుకేనా!’ అంటామే, అది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వచ్చి పడే రోజున రోడ్డంతా లారీలతో నిండితే, విషయం తెలిశాక ‘నో వండర్ ద రోడ్ ఈజ్ జామ్డ్’ అనొచ్చు.

‘సర్‌ప్రైజ్’ మాటతో నాలుగు చిన్న లెక్కలున్నాయి. ఆశ్చర్యపోయిన మనిషికి చివర ‘డ్’ వస్తుంది, ఆశ్చర్యపరిచిన విషయానికి ‘ఇంగ్’. ‘ఐ వాజ్ సర్‌ప్రైజింగ్’ అంటే మీరే ఎదుటివాళ్లను విస్తుపోయేలా చేశారని అర్థం. మాట్లాడే వేగంలో ఆ చివరి ‘డ్’ను మింగకండి, వినపడాలి. రెండోది, ‘సర్‌ప్రైజ్డ్ బై’, ‘సర్‌ప్రైజ్డ్ ఎట్’, ‘సర్‌ప్రైజ్డ్ టు సీ’ మూడూ సరైనవే. ‘సర్‌ప్రైజ్డ్ ఫర్’ లేదు. మూడోది, వాక్యం మొదట్లో ‘టు మై సర్‌ప్రైజ్’ అనాలి, ‘ఫర్ మై సర్‌ప్రైజ్’ కాదు. ‘ఇట్ టుక్ మి బై సర్‌ప్రైజ్’లో మాత్రం ‘బై’ వస్తుంది. నాలుగోది, ‘వెరీ సర్‌ప్రైజ్డ్’ బాగానే ఉంటుంది కానీ ‘వెరీ అస్టానిష్డ్’, ‘వెరీ అమేజ్డ్’ అతకవు. ఎందుకంటే ఆ మాటల్లోనే ‘చాలా’ ఇమిడి ఉంది. గట్టిగా చెప్పాలనుకుంటే ‘అబ్సల్యూట్లీ అస్టానిష్డ్’ అంటారు.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే సాధనం. ఇది ఇడియమ్ కాదు, కానీ మీరు రోజుకు ఇరవై సార్లు వాడతారు. ఎవరైనా ఏదైనా చెప్పగానే మనవాళ్లు ‘ఈజ్ ఇట్?’ అంటారు. ‘అవునా?’, ‘గట్లనా?’, ‘అచ్ఛా?’ అన్నీ కలిపి ఆ రెండు మాటల్లో పోసేస్తారు. ‘హీ గాట్ ద జాబ్’ అంటే ‘ఈజ్ ఇట్?’, ‘దే సోల్డ్ ద హౌస్’ అంటే ‘ఈజ్ ఇట్?’. ఇక్కడివాళ్లకు అర్థమైపోతుంది కానీ బయటిదేశం కస్టమర్‌కు ఆ ‘ఇట్’ ఏమిటో అంతుపట్టదు. మొదటి వాక్యంలో క్రియకు సాయం చేసే మాట ఏదో దాన్నే తిప్పి అడగాలి. ‘షి ఈజ్ వర్కింగ్ ఇన్ ముంబై’ అంటే ‘ఈజ్ షి?’. ‘దే హ్యావ్ సోల్డ్ ద హౌస్’ అంటే ‘హ్యావ్ దే?’. ‘ఐ కెన్ స్విమ్’ అంటే ‘కెన్ యూ?’. సాయం చేసే మాట లేకపోతే కాలాన్ని బట్టి ‘డు’, ‘డజ్’, ‘డిడ్’లలో ఒకటి తెచ్చుకోవాలి: ‘హీ గాట్ ద జాబ్’ అంటే ‘డిడ్ హీ?’. ఇక్కడ జారిపడే చోటు ఒకటుంది. ‘ఐ హ్యావ్ టూ సిస్టర్స్’లో ‘హ్యావ్’ సాయానికి రాలేదు, ఉండటం అనే అసలు పనే చేస్తోంది. కాబట్టి ‘డు యూ?’ అనాలి. ఎదుటివారు ‘కాదు, లేదు’ అని చెబితే మనదీ కాదులోనే రావాలి: ‘హీ డజంట్ డ్రింక్ టీ’ అంటే ‘డజంట్ హీ?’.

ఇదేదో కొత్త విద్య అనుకోకండి. మీ ఇంట్లో రోజూ చేస్తున్నదే. ‘ఉద్యోగం వచ్చింది’ అంటే ‘వచ్చిందా!’ అంటారు. ‘ఇల్లు అమ్మిండ్రు’ అంటే ‘అమ్మిండ్రా!’ అంటారు. ‘చాయ్ తాగడు’ అంటే ‘తాగడా?’ అంటారు. తెలుగులో క్రియనే తిప్పుతాం, ఇంగ్లిష్‌లో క్రియకు సాయం వచ్చిన మాటను తిప్పుతారు. గొంతు చివర పైకి లేవాలి. కిందికి పడితే ఆశ్చర్యం పోయి, ‘సరేలే, తర్వాత?’ అన్నట్టు వినిపిస్తుంది. ‘రియల్లీ?’కి కూడా ఇదే సూత్రం.

ఇక ఇడియమ్స్. ఇంగ్లిష్ జాబితా నుంచి మొదలుపెట్టకండి, మీకు కలిగిన ఆశ్చర్యం తెలుగులో ఏ రకమో ముందు చూసుకోండి. మన భాషలో ఆశ్చర్యానికి ఎన్ని అరలున్నాయో గమనిస్తే ఇంగ్లిష్ మాట దానంతటదే దొరుకుతుంది.

‘ఉన్నట్టుండి’ అనాలనిపించిన చోట ‘అవుట్ ఆఫ్ ద బ్లూ’. ఆ బ్లూ అంటే మబ్బు తునక లేని నీలాకాశం. అలాంటి ఆకాశం నుంచి పిడుగు పడితే ఎలా ఉంటుందన్నదే ఆ మాట వెనకున్న బొమ్మ. స్కాట్లాండ్ రచయిత థామస్ కార్లైల్ ఫ్రెంచి విప్లవం మీద 1837లో రాసిన పుస్తకంలో ఆ పిడుగు పోలిక కనిపిస్తుంది. మంచికీ చెడుకూ వాడొచ్చు, వాక్యం చివర పెట్టడం తేలిక: ‘మై స్కూల్ ఫ్రెండ్ కాల్డ్ మి అవుట్ ఆఫ్ ద బ్లూ’. తెలుగులో ‘ద’ లాంటి మాట లేదు కాబట్టి మనం ‘అవుట్ ఆఫ్ బ్లూ’ అనేస్తాం. ‘ద’ తప్పనిసరి. దీని అక్క ‘ఎ బోల్ట్ ఫ్రమ్ ద బ్లూ’. అది మన ‘నెత్తిన పిడుగు పడ్డట్టు’కు దగ్గర, కాబట్టి పెద్ద వార్తకే, అదీ ఎక్కువగా చెడ్డ వార్తకే ఉంచండి. బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే పిడుగు పడనక్కర్లేదు.

‘అవాక్కయ్యాను’కు రెండు దారులున్నాయి. అవాక్కు అంటే వాక్కు లేకపోవడం. ఇంగ్లిష్‌లో ‘డమ్‌ఫౌండెడ్’ కూడా అచ్చం అలా పుట్టిందే, మూగ అనే అర్థమున్న ‘డమ్’కు ‘కన్‌ఫౌండ్’ తోక తగిలించారు. స్పెల్లింగ్‌లో ‘ఎమ్’ తర్వాత ‘బి’ ఉంటుంది కానీ పలకకూడదు. రెండో దారి ‘టేకెన్ అబ్యాక్’. ఇది తెరచాప ఓడల మాట. వెనక నుంచి తోయాల్సిన గాలి ఒక్కసారిగా ముందు నుంచి కొడితే తెరచాపలు స్తంభానికి అతుక్కుపోయి ఓడ ఆగిపోయేది, ఒక్కోసారి వెనక్కి జరిగేది కూడా. ఈ బొమ్మ గుర్తుంటే వాడుక మరచిపోరు: ముందుకు పోతున్నవాడిని ఎదురుగా వచ్చినదేదో ఒక్క క్షణం నిలిపేయాలి, అందులో కొంచెం ఇబ్బంది ఉండాలి. ‘ఐ వాజ్ టేకెన్ అబ్యాక్ బై హిజ్ రూడ్ రిప్లై’ చక్కగా ఉంది. పుట్టినరోజు కేకుకు ఇది నప్పదు. ఆఫీసులోనూ ఈమెయిల్‌లోనూ నిస్సంకోచంగా వాడొచ్చు.

‘నోరెళ్లబెట్టాను’కు ‘మై జా డ్రాప్డ్’. పక్కన ‘డౌన్’ చేర్చకండి, ‘వాజ్’ అసలే వద్దు. ‘నోట మాట రాలేదు’కు ‘ఐ వాజ్ లాస్ట్ ఫర్ వర్డ్స్’. ‘కలలో కూడా అనుకోలేదు’కు ‘నెవర్ ఇన్ మై వైల్డెస్ట్ డ్రీమ్స్’, ఇది మాత్రం మంచి విషయాలకే. ‘ఎవరనుకున్నరు ఇట్లయితదని!’ అన్నచోట ‘హూ వుడ్ హ్యావ్ థాట్!’. ఈ నాలుగూ తేలికవి, రెండు రోజుల్లో నాలుక మీదికొస్తాయి.

‘ముక్కున వేలేసుకున్నరు’ దగ్గర మాత్రం ఆగండి, ఇది చాలా అందమైన జంట. వేలు ముక్కు మీదికి పోయేది ఉత్త ఆశ్చర్యంతో కాదు, ‘ఇదేం పని!’ అనే చిన్న ఆక్షేపణతో కలిసి. ఇంగ్లిష్‌లో ఆ పని కనుబొమలు చేస్తాయి: ‘ఇట్ రెయిజ్డ్ ఎ ఫ్యూ ఐబ్రోస్’. కర్త స్థానంలో సంఘటన ఉండాలి, మనుషులు కాదు. ఆయన అప్పు చేసి అంత పెద్ద పెండ్లి చేస్తే ఊరు ముక్కున వేలేసుకుంది అనడానికి ‘ద లావిష్ వెడ్డింగ్ రెయిజ్డ్ ఎ ఫ్యూ ఐబ్రోస్’. పొగడ్తకు పొరపాటున కూడా వాడకండి. ‘యువర్ సక్సెస్ రెయిజ్డ్ ఎ ఫ్యూ ఐబ్రోస్’ అంటే, నీ గెలుపు మీద జనానికి అనుమానం వచ్చిందన్నట్టు వినిపిస్తుంది.

తెలుగులో ఒక్కమాట లేనిది ‘డబుల్ టేక్’. ఒకసారి చూసి తల తిప్పేసుకుని, విషయం బుర్రకెక్కాక గబుక్కున మళ్లీ చూడటం. కాజీపేట స్టేషన్‌లో నడుస్తున్నారు, టికెట్లు చూస్తున్న మనిషిని దాటిపోయారు, రెండడుగులు వేశాక ‘అరే, మా బడిల చదివిన పిల్ల గదా!’ అని వెనక్కి తిరిగారు. అదే డబుల్ టేక్. ‘ఐ డిడ్ ఎ డబుల్ టేక్’ అనాలి, ‘టుక్’ అనకూడదు. రెండో చూపు లేకపోతే ఈ మాట వాడొద్దు.

వదిలేయాల్సినవి చెబుతాను. ‘హోలీ కౌ’ అమెరికా మాట, అక్కడ అదొక అమాయకపు కేక. మన దగ్గర ఆవును పూజించే ఇళ్లలో అది ఎవరినైనా నొప్పించొచ్చు, మీకొద్దు. ‘జీసస్!’ అని అరవడం సినిమాల్లో వినిపిస్తుంది. భక్తి ఉన్న క్రైస్తవులకు అది బాధ కలిగిస్తుంది, మన ఓరుగల్లులో అలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ‘ఓ మై గాడ్’ బదులు ‘ఓ మై గుడ్‌నెస్’ అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ‘యూ డోంట్ సే!’ ఒకప్పుడు నిజమైన ఆశ్చర్యం, ఇప్పుడు ఎక్కువగా వెటకారం. ‘నో వే!’, ‘యూ ఆర్ కిడింగ్!’ స్నేహితుల మధ్య హాయిగా వాడండి, మేనేజర్‌తో వద్దు. కస్టమర్‌తో అసలే వద్దు, నువ్వు అబద్ధమాడుతున్నావు అన్నట్టుంటుంది.

మీరు అనకూడనివే మీ చెవిన పడొచ్చు, సపోర్ట్ ఉద్యోగంలో ఇది తెలియాలి. అమెరికా కస్టమర్‌కు ‘మీ డబ్బు మొత్తం వాపసు వస్తుంది’ అని చెప్పగానే ‘షటప్!’ అనో ‘గెట్ అవుట్!’ అనో నవ్వుతూ అనొచ్చు. తిట్టు కాదు. మన ‘ఊకో బై!’ అంటామే, అదే సంతోషం. గొంతులో కోపముందా నవ్వుందా విని, నవ్వైతే మీరూ నవ్వుతూ ‘యస్, ఇట్స్ ట్రూ’ అనండి.

ఇంకో ప్రమాదం, ఇది ఇడియమ్స్ కన్నా పెద్దది. స్నేహితురాలికి ఉద్యోగమొస్తే ‘ఐ యామ్ సర్‌ప్రైజ్డ్ యూ గాట్ ఇట్’ అనకండి. నీకొస్తుందని నేననుకోలేదు అని చెప్పినట్టే. తెలుగులో ‘నీకెట్ల వచ్చింది!’ అంటే ఆమె ముఖం ఎలా మాడిపోతుందో అలాగే. ఆశ్చర్యాన్ని వార్త మీద పెట్టండి, మనిషి మీద కాదు: ‘వాట్ వండర్‌ఫుల్ న్యూస్! వెన్ డిడ్ యూ హియర్?’. ఆ రెండో ప్రశ్న ఎంతో మేలు చేస్తుంది, ఆమెను ఇంకా చెప్పమంటుంది.

ఇంటర్వ్యూకు నేనైతే ఒక్క ఇడియమే ఇస్తాను: ‘కాట్ మి ఆఫ్ గార్డ్’. ఏమరుపాటున దొరకడం. ‘అనుకోని ఇబ్బంది ఎదురైతే ఏం చేశారు?’ అనేది తరచూ అడిగే ప్రశ్న. జవాబు మూడు చిన్న వాక్యాల్లో రావాలి: ఏం జరిగింది, మీకేమైంది, మీరేం చేశారు. ‘ద పవర్ వెంట్ ఆఫ్ డ్యూరింగ్ మై ప్రెజెంటేషన్. ఇట్ కాట్ మి ఆఫ్ గార్డ్. ఐ యూజ్డ్ మై ప్రింటెడ్ నోట్స్ అండ్ ఫినిష్డ్ ఆన్ టైమ్’. రెండో వాక్యం దగ్గర ఆగిపోతే భయపడ్డ మనిషిగా మిగిలిపోతారు. ఎక్కువమంది అక్కడే ఆగి, ఎంత కంగారుపడ్డారో వర్ణిస్తూ పోతారు. వాళ్లు అడిగింది మూడో వాక్యం కోసం.

సాధనకు రామప్ప గుడిని తీసుకోండి. పదమూడో శతాబ్దపు గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. దాని శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. చూసొచ్చిన మనిషిలా ఒక్కో ఇడియమ్‌తో ఒక్కో వాక్యం కట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. ‘టు మై సర్‌ప్రైజ్, ద బ్రిక్ ఫ్లోటెడ్’ కుదురుతుంది. ‘హూ వుడ్ హ్యావ్ థాట్ ఎ బ్రిక్ కుడ్ ఫ్లోట్!’ ఇంకా బాగా కుదురుతుంది. ‘ఐ డిడ్ ఎ డబుల్ టేక్’ కూడా సరే. ‘ఐ వాజ్ టేకెన్ అబ్యాక్’ అంటే కొంచెం వంకరగా ఉంటుంది, తేలే ఇటుక మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు కదా. ‘రెయిజ్డ్ ఐబ్రోస్’ అసలు కుదరదు. ఏది ఎందుకు కుదరదో మీకు మీరే తెలుగులో పైకి చెప్పుకోండి. రోజుకు పది నిమిషాలు, రెండు వారాలు. రికార్డు వినేటప్పుడు రెండే చూసుకోండి: చివరి ‘డ్’ వినిపించిందా, అడిగేచోట గొంతు పైకి లేచిందా.

మీ ఈకను పారేయనక్కర్లేదు. దానికి ముందు ‘వెన్’తో ఒక చిన్న కథ కావాలి, వినేవాళ్లు మనవాళ్లై ఉండాలి. ఆఫర్ లెటర్ వచ్చిన సాయంత్రం స్నేహితులతో భద్రకాళి చెరువు గట్టున కూర్చున్నప్పుడు చెప్పండి: ‘వెన్ దే కాల్డ్ మై నేమ్, యూ కుడ్ హ్యావ్ నాక్డ్ మి డౌన్ విత్ ఎ ఫెదర్!’